ఇటుకల ఊళ్లో డిస్కుల డబ్బా

మాలూరు పేరు చెబితే బెంగళూరు మేస్త్రీలకు ఇటుకలు, పెంకులు గుర్తొస్తాయి. చెరువుమన్ను, బట్టీలు, పొగగొట్టాలు, లారీలు. ఊరి వ్యాపారం చాలాకాలం వీటి చుట్టూనే తిరిగింది. ఆ ఊళ్లో స్టేషన్ రోడ్డు పక్క సందులో నాదొక చిన్న కంప్యూటర్ రిపేరు అంగడి. ప్రింటర్లు బాగుచేస్తాను, కీబోర్డులు మారుస్తాను, అడిగినవాళ్లకు డబ్బాలు కట్టిస్తాను. డబ్బా అంటే ఇంట్లోనో ఆఫీసులోనో ఓ మూల పెట్టుకునే చిన్న స్టోరేజ్ సర్వర్. రెండు నుంచి నాలుగు హార్డ్ డిస్కులు, అరచేతి కంటే కొంచెం పెద్ద మదర్‌బోర్డు, ఒక ల్యాన్ కేబుల్, అంతే. పెళ్లి వీడియోలు, ఫ్యాక్టరీ లెక్కలు, దస్తావేజుల స్కాన్లు, పిల్లల ఫొటోలు అందులో పడి ఉంటాయి. ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా, ఏ కంప్యూటర్ నుంచైనా తీసి చూసుకోవచ్చు.

డబ్బా కావాలని వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ప్రాసెసర్ గురించి. ఐ3 వెయ్యాలా, ఐ5 వెయ్యాలా? నేను దానికి జవాబు చెప్పకుండా ఊరి సంగతులు ఎత్తుకుంటాను. కొంతమందికి విసుగు పుడుతుంది. నా లెక్క నాకుంది: మా ఊళ్లో ఏవి ఏ వరసలో చెడిపోతూ వచ్చాయో ఆ వరసలోనే డబ్బు పెట్టాలి. ఆ వరస తెలియాలంటే పాత కథ తెలిసుండాలి.

రాయి, కడితం, పహణి

కోలారు జిల్లాలో రాతలను దాచిన తీరు చూస్తే ముందు కనిపించేది రాయి. మైసూరు సంస్థానంలో శాసనాల పరిశోధన నడిపిన బి.ఎల్. రైస్ 1905లో ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ పదో సంపుటం వెలువరించాడు. అది పూర్తిగా మా జిల్లాకే కేటాయించినది. తాలూకాల వారీగా శాసనాలను విడదీసి నంబర్లు వేశారు, అందులో మాలూరుకూ ఒక భాగం ఉంది. కన్నడం, తమిళం, తెలుగు, సంస్కృతం: ఎవరి ఏలుబడి వస్తే వాళ్ల భాష మా రాళ్ల మీదికి ఎక్కింది. నూరేళ్లు దాటిపోయాయి. ఈ నూరేళ్లలో రోడ్లు వెడల్పయ్యాయి, చెరువుకట్టలు తెగి మళ్లీ లేచాయి, ఇళ్లకు కొత్త పునాదులు పడ్డాయి. కర్ణాటకలో ఎన్నో శాసనాల రాళ్లు వాటిలో కలిసిపోయాయి. రాయి పోయినచోట రైస్ పుస్తకమే మిగిలింది. అందుకే బెంగళూరులో 1909లో పుట్టిన మిథిక్ సొసైటీ ఇప్పుడు ఆ చుట్టుపక్కల మిగిలిన రాళ్లను త్రీడీ స్కానర్లతో తీసి కంప్యూటర్లో భద్రం చేస్తోంది. వెయ్యేళ్లు నిలిచే రాతికి కూడా నకలు తప్పలేదు.

రాయి తర్వాత కడితం. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి కలిపి పూసి, ఆరబెట్టి, మడతలు మడతలుగా మడిచిన నల్లటి పుస్తకం అది. దానిమీద బలపంతో రాసేవాళ్లు. తుడిచేసి మళ్లీ రాయొచ్చు. మైసూరు సీమ శానుభోగులు ఊరి పొలాల లెక్కలు, శిస్తు లెక్కలు వీటిలోనే రాసుకున్నారు. చిక్కేమిటంటే ఆ లెక్క ఉండేది ఒక్కరి ఇంట్లో. ఇల్లు కాలినా, చెదలు పట్టినా, శానుభోగుకు కోపమొచ్చినా ఊరి లెక్క గల్లంతు. 1961 చట్టంతో వంశపారంపర్యపు గ్రామోద్యోగాలు రద్దయ్యాక లెక్కలు కాగితం మీద, గ్రామ లెక్కాధికారుల చేతికి వెళ్లాయి. చేతులు మారాయి గాని నకలు మాత్రం పెరగలేదు.

ఆ తర్వాత వచ్చిందే ‘భూమి’. కర్ణాటక ప్రభుత్వం దాదాపు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను, అంటే పొలం రికార్డులను, కంప్యూటర్లకు ఎక్కించింది. 2002 నాటికి 177 తాలూకాల్లో భూమి కేంద్రాలు నడిచాయి. 15 రూపాయలు కడితే అచ్చు పహణి చేతికొచ్చేది. కేంద్రం తెరిచిన తాలూకాలో చేతిరాత పహణి ఇక చెల్లదన్నారు. మొదట్లో ఆ సర్వర్లు తాలూకాఫీసుల్లోనే ఉండేవి, తర్వాత రాష్ట్ర డేటా సెంటర్‌కు కలిపారు. పొలం గట్టు తగాదా తీరాలంటే ఓ గదిలో గుర్రుమంటున్న పెట్టెను నమ్ముకోవాలని మా రైతులకు మొదటిసారి తెలిసింది అప్పుడే. కంప్యూటర్ అంటే టైపు మిషన్‌కు తమ్ముడని అనుకునే ఊరికి ‘సర్వర్ డౌన్’ అన్న మాట కూడా భూమి కేంద్రం కిటికీ దగ్గరే పరిచయమైంది.

ఫ్లాపీల కాలం

మా నాన్న ఒక పెంకుల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. ఎర్ర అట్టల లెడ్జర్లు, దినచిట్టా, కూలీల మస్టర్ రోల్. ఆ ఫ్యాక్టరీకి కంప్యూటర్ రావడానికి కారణం ట్యాలీ. 1986లో బెంగళూరులో గోయెంకాల కుటుంబం మొదలుపెట్టిన లెక్కల సాఫ్ట్‌వేర్ అది. మా పక్క చిన్న ఫ్యాక్టరీల్లో చాలావాటికి కంప్యూటర్ అంటే ట్యాలీయే. సాయంత్రం ఫ్యాక్టరీ ఆఫీసు మూసేముందు ఆనాటి లెక్కను ఫ్లాపీలోకి ఎక్కించాలి. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. వారానికి ఆరు ఫ్లాపీలు, ఒక్కోదాని మీద వారం పేరు రాసిన చీటీ, అన్నీ కలిపి ఒక సబ్బు డబ్బాలో. ఇటుక దుమ్ము ఆ డబ్బాలోకీ దూరేది. దుమ్ము పడ్డ ఫ్లాపీని డ్రైవులో పెడితే గరగరమని అరిచి, తెరమీద ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ అని మూడు మాటలు చూపించేది. మా నాన్నకు ఇంగ్లీషు పెద్దగా రాదు గాని ఆ మూడు మాటలు మాత్రం కంఠతా వచ్చు.

ఫ్లాపీలతో మేం కుస్తీ పడుతున్న నాటికి బయటి ప్రపంచం చాలా దూరం వెళ్లిపోయింది. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్కు యంత్రం రామాక్‌లో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. టన్ను బరువు, పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ ఆ 5 మెగాబైట్లనే చిన్న కంప్యూటర్లో ఇమిడే డిస్కులోకి తెచ్చింది. ఒక డిస్కును పదిమంది పంచుకోవాలన్న అవసరం వెంటనే పుట్టింది. 1983లో నోవెల్ నెట్‌వేర్ వచ్చింది, 1984లో సన్ కంపెనీ ఎన్ఎఫ్ఎస్ వచ్చింది. పెద్ద ఆఫీసుల్లో ఫైల్ సర్వర్ అనే గది మొదలైంది.

ఈ కథలో మా లాంటి వాళ్లకు పనికొచ్చిన మలుపు 1988. బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ కలిసి ఒక పరిశోధనపత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు కొన్నింటిని కలిపి కట్టి, ఒకటి పోయినా మిగతావి లెక్క నిలబెట్టేలా చేయొచ్చన్నారు. రెయిడ్ అంటున్నది దాన్నే. తర్వాత 1991లో లినక్స్, 1992లో ఆస్ట్రేలియా కుర్రాడు ఆండ్రూ ట్రిడ్జెల్ రాసిన సాంబా. సాంబా ఉంటే లినక్స్ పెట్టెలోని ఫోల్డర్లు విండోస్ కంప్యూటర్‌కు సొంత డ్రైవులా కనబడతాయి. ఈ మూడూ కలిశాక ఫైల్ సర్వర్ కోసం లైసెన్సు కొనాల్సిన పనిలేదు. పాత పెంటియం ఒకటి దొరికితే చాలు. 2005లో ఫ్రాన్స్‌కు చెందిన ఒలివియే కొషార్ ఫ్రీనాస్ విడుదల చేశాడు. దాంతో కమాండ్లు రానివాళ్లు కూడా బ్రౌజర్లో నొక్కుతూ డబ్బాను నడిపే రోజు వచ్చింది. అదే ఏడాది సన్ కంపెనీ జెడ్ఎఫ్ఎస్‌ను అందరికీ తెరిచింది. రాసిన ప్రతి ముక్కకూ లెక్క కట్టి, చదివేటప్పుడు సరిచూసుకునే పద్ధతి అది. డిస్కు మౌనంగా తప్పు చదివినా పట్టేస్తుంది.

ఎస్పీ రోడ్డు

సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇనుము ఎక్కడినుంచి? ఎస్పీ రోడ్డు నుంచి. బెంగళూరు సిటీ మార్కెట్‌కు దగ్గర్లో ఉండే సాదర్ పత్రప్ప రోడ్డు అది. మారికుప్పం, బంగారుపేట వైపు నుంచి వచ్చే బండ్లు మా స్టేషన్లో ఆగి బెంగళూరు వెళతాయి. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ పిల్లలు ఈ బండ్లలోనే బెంగళూరు పనులకు వెళ్లిరావడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున ఆ బండెక్కితే తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే పెట్టెలో వినబడతాయి. నేను ఎస్పీ రోడ్డు బేరాలు నేర్చుకున్నది ఆ బండిలో పరిచయమైన కేజీఎఫ్ కుర్రాళ్ల దగ్గరే.

ఎస్పీ రోడ్డుకు మూలధనం బెంగళూరు ఐటీ కంపెనీలు. లీజు మీద తెచ్చుకున్న వేల కంప్యూటర్లను అవి మూడు నాలుగేళ్లకోసారి వదిలించుకుంటాయి. డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్, హెచ్‌పీ ప్రోడెస్క్ పేర్లతో ఉన్న ఆ పెట్టెలు గుట్టలుగా ఇక్కడికి వస్తాయి. మా తాలూకాలో మొదటి తరం డబ్బాలు చాలావరకు వీటితో కట్టినవే. ధర తక్కువ, ప్రాసెసర్ దిట్టం. రెండు ఇబ్బందులు ఉన్నాయి. పొట్టిగా, సన్నగా ఉండే మోడళ్లలో మూడున్నర అంగుళాల డిస్కు ఒక్కటే పడుతుంది, మహా అయితే రెండు. పుస్తకమంత ఉండే టైనీ మోడళ్లలో ఆ ఒక్కటీ పట్టదు. రెండోది, వీటి ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె, ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటుంది, పిన్నులు కూడా వేరు. అది కాలిందంటే బజార్లో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ అందులో కూర్చోదు.

డిస్కు కొనడం ఇంకో విద్య. కౌంటర్ మీద పెట్టిన డిస్కును ముందు తిప్పి చూడాలి. స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలుంటే అది ఇదివరకే ఎక్కడో బిగించినది. సాటా పిన్నుల బంగారు పూత మీద సన్నటి గీరలు ఉంటే కేబుల్ తగిలించి తీశారన్నమాట. లేబుల్ మీద తయారీ తేదీ, సీరియల్ నంబర్ చూసి, కంపెనీ సైట్లో వారంటీ ఎప్పటివరకో అక్కడే ఫోన్లో సరిచూడాలి. తర్వాత అంగడివాళ్ల కంప్యూటర్‌కే తగిలించి, డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్క తెరవాలి. అది ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని సెక్టార్లు చెడిపోయి పక్కకు పెట్టింది, చదవలేక ఆపినవి ఎన్ని. గంటల మీటరును సున్నా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇది మన బజార్ల జబ్బే అనుకోకండి. 2025 మొదట్లో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవాటి పేరుతో అమ్ముడై పెద్ద గొడవైంది. స్మార్ట్ మీటరు సున్నా చూపించినా ఆ డిస్కుల్లో ఫార్మ్ అనే ఇంకో లెక్క ఉంటుంది, అందులో వేల గంటలు బయటపడ్డాయి. సీగేట్ డిస్కు కొంటే నేను ఇప్పుడు రెండు లెక్కలూ తెరిపిస్తాను. అంగడివాడు మొహం మాడ్చుకుంటే పక్క అంగడికి వెళతాను.

డబ్బా చిన్నదైన కథ

2001లో తైవాన్ కంపెనీ వియా 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు తెచ్చింది. మినీ ఐటీఎక్స్ అన్నారు. ఇంటి సర్వర్ పెద్ద క్యాబినెట్ నుంచి బయటపడ్డది ఆ కొలతతోనే. వియా ప్రాసెసర్ నత్తనడక నడిచేది గాని ఫ్యాను లేకుండా నడిచేది. 2008లో ఇంటెల్ ఆటమ్ వచ్చి ఆ చిన్న బోర్డులను చవక చేసింది. 2010లో హెచ్‌పీ మైక్రోసర్వర్ వచ్చింది. నాలుగు డిస్కులు ముందునుంచి జారుగా దూర్చే చిన్న పెట్టె. సొంతంగా డబ్బా కట్టేవాళ్లందరికీ అదొక కొలబద్ద అయింది: ఎంత చిన్నగా ఉండాలి, డిస్కులు ఎంత సులువుగా బయటికి రావాలి అని.

2012లో రాస్ప్‌బెర్రీ పై వచ్చినప్పుడు కాలేజీ పిల్లలు దాంతో డబ్బా కట్టమని వెంటపడ్డారు. ఆ మొదటి బోర్డులో ల్యాన్ వేగం 100 మెగాబిట్లు, అదీ యూఎస్‌బీ దారిలోనే డిస్కుతో పంచుకోవాలి. 2019లో వచ్చిన నాలుగో తరానికి గాని గిగాబిట్ ల్యాన్, యూఎస్‌బీ 3 రెండూ విడివిడిగా దొరకలేదు. నేను మాత్రం యూఎస్‌బీ తీగమీద వేలాడే డిస్కును ఎవరి పెళ్లి వీడియోకూ సిఫారసు చెయ్యను. పిల్లి తగిలినా ఊడుతుంది. 2023లో ఇంటెల్ ఎన్100 వచ్చింది. నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు. ఇప్పుడు నేను కట్టే డబ్బాల్లో ఎక్కువ దాంతోనే.

వాట్ల లెక్క చాలామంది వెయ్యరు. డబ్బా రాత్రింబవళ్లు నడుస్తుంది. 80 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ నెలకు 57 యూనిట్లు దాటి తింటుంది. రెండు డిస్కులతో 20 వాట్లలో నడిచే డబ్బాకు 15 యూనిట్లు కూడా పట్టదు. బెస్కామ్ బిల్లులో ఆ తేడా ప్రతినెలా కనబడుతుంది. ఉచితంగా దొరికిన పాత కంప్యూటర్ రెండు మూడేళ్లలో కొత్త బోర్డు ధర తినేస్తుంది.

వేగం గురించి కూడా ఒక మాట. గిగాబిట్ ల్యాన్‌లో సెకనుకు దాదాపు 110 మెగాబైట్లు వెళతాయి. మామూలు హార్డ్ డిస్కు ఒక్కటున్నా ఆ వేగాన్ని అందుకుంటుంది. అంటే ఇంటి డబ్బాలో ప్రాసెసర్ ఎంత గొప్పదైనా కేబుల్ దాటి పోలేదు. 4 టెరాబైట్ల సరుకు ఒక డబ్బా నుంచి ఇంకోదానికి పోవాలంటే పది గంటలు పడుతుంది. నాలుగు టెరాబైట్లా, అంత ఎవరికి కావాలి అంటారు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కే వీడియో గంటకు 45 గిగాబైట్లు. మూడు కెమెరాలు, రెండు రోజుల పెళ్లి, ముహూర్తాల సీజను. మా ఊరి స్టూడియోలకు అది మూడు నెలల సరుకు.

చెడిపోయిన వరస

మా జిల్లాలో కరెంటు కథ విచిత్రమైనది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద ప్రయాణించి నేరుగా కేజీఎఫ్ గనులకు చేరింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే పొడవైన లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు, 1905లో. అదే గనుల్లో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున 1965లో టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. పరికరంలోని నియాన్ గొట్టాలు మెరిస్తే కెమెరా ఫొటో తీసేది, అప్పటి డేటా ఆ ఫిల్మే. ఇంత ఘనత ఉన్న జిల్లాలో మా మాలూరు సందుల్లో మాత్రం ఏప్రిల్, మే గాలివానలకు కరెంటు పోయి, వచ్చి, ఎగిరి, పడిపోతుంది. నా అంగడికి వచ్చిన చచ్చిన డబ్బాల్లో మొదటి స్థానం ఎస్ఎంపీఎస్‌దే.

అందుకని నేను డబ్బా కట్టే ముందు ఇంటి ఎర్తింగ్ చూస్తాను. గోడలోని మూడో పిన్ను రంధ్రంలో చాలా ఇళ్లలో తీగే ఉండదు. ఉన్నచోట కూడా గొయ్యి ఎండి ఉంటుంది. మా వైపు పాత పద్ధతి: పెరట్లో మనిషి లోతు దాటి గొయ్యి తీసి, జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు ఒక పొర, రాళ్ల ఉప్పు ఒక పొర వేసి, పైన గరాటు పెట్టి ఎండాకాలం బిందెడు నీళ్లు పోస్తారు. మల్టీమీటర్ పెట్టి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూస్తాను. రెండు మూడు వోల్టులు దాటితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవమంటాను. తర్వాత యూపీఎస్. మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని చవక ఇన్వర్టర్ల చదరపు అలను ఒప్పుకోవు, కరెంటు మారిన క్షణంలో ఆరిపోతాయి. యూపీఎస్ నుంచి యూఎస్‌బీ తీగ డబ్బాలోకి రావాలి, బ్యాటరీ అయిపోతోందని తెలిసి డబ్బా తనంతట తాను మర్యాదగా మూసుకోవాలి. ఈ తీగ తగిలించని యూపీఎస్ సగం యూపీఎస్.

రెండో స్థానం దుమ్ముది. బట్టీ దగ్గరి ఆఫీసు నుంచి వచ్చిన కంప్యూటర్ మూత తీస్తే లోపల గోధుమరంగు ఉండదు, ఎర్రగా ఉంటుంది. మెత్తటి మట్టి హీట్‌సింక్ రేకుల మధ్య దిగి, గాలిలోని తేమకు గట్టిపడి పలకలా అవుతుంది. బ్లోయర్‌కు కదలదు, బ్రష్షుతో గీకాలి. ఫ్యాను ఇరుసులోని నూనెలో ఆ మట్టి కలిసి తిరగనివ్వదు. కాబట్టి క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు అందం తర్వాత. గాలి లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉండాలి, ఆ దారికి ఊడదీసి కడిగే జల్లెడ ఉండాలి. లేకపోతే దోమతెర గుడ్డ కత్తిరించి కట్టేస్తాం. 12 సెంటీమీటర్ల పెద్ద ఫ్యాను ఒకటి నిదానంగా తిరిగితే చాలు, చిన్న ఫ్యాన్లు రెండు మూడు గోలపెట్టక్కర్లేదు.

మూడోది డిస్కు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక నివేదిక ఇచ్చారు. పరీక్షలో మొదటి స్కాన్ లోపం కనబడ్డ డిస్కు 60 రోజుల్లో పోయే అవకాశం మామూలు డిస్కు కంటే 39 రెట్లు ఎక్కువ. పోయిన డిస్కుల్లో మూడోవంతుకు పైగా ఏ ముందస్తు సూచనా ఇవ్వకుండానే పోయాయి. అంటే సూచన కనబడితే వెంటనే మార్చు, కనబడకపోయినా నమ్మకు. 2011 చివర్లో థాయ్‌లాండ్ వరదలకు డిస్కుల ఫ్యాక్టరీలు మునిగి ఎస్పీ రోడ్డులో ధరలు ఆకాశానికి ఎక్కాయి. ఒకే దేశంలో తయారయ్యే సరుకు మీద ఎంత ఆధారపడ్డామో అప్పుడు తెలిసింది. 2020 ఏప్రిల్లో ఇంకో సంగతి బయటపడింది. నాస్ అనే ఈ నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బాల కోసమని అమ్ముతున్న వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ రకమని తేలింది. పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కేలా ట్రాకులు రాసే పద్ధతి అది. ఒక ట్రాకు మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి రెయిడ్ నింపేటప్పుడు ఇవి చతికిలబడతాయి. ఆ తర్వాత కంపెనీ ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ రకానికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. డబ్బాకు సీఎంఆర్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి.

నాలుగోది మదర్‌బోర్డు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి, లోపలి ద్రవం నాసిరకం. ఆ కాలంలో మా అంగడి సంపాదనలో పెద్ద భాగం ఉబ్బిన కెపాసిటర్లు ఊడదీసి కొత్తవి అతకడమే. 2017లో ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్పుల్లో క్లాక్ సిగ్నల్ ఆగిపోయే లోపం బయటపడింది. సొంతంగా కట్టినవీ, కంపెనీ నాస్ పెట్టెలూ ఏడాదిన్నర, రెండేళ్లకే మళ్లీ లేవకుండా పోయాయి. బోర్డు పోవడం తప్పదు. పోయాక డిస్కులను ఇంకో మామూలు కంప్యూటర్లో పెట్టి చదవగలమా అన్నదే అసలు ప్రశ్న. ఎస్పీ రోడ్డులో చవగ్గా దొరికే పాత రెయిడ్ కార్డు నేను పెట్టనిది అందుకే. కార్డు పోతే అదే జాతి కార్డు వెతకాలి. లినక్స్ రెయిడ్ అయినా, జెడ్ఎఫ్ఎస్ అయినా ఏ బోర్డు మీదైనా తెరుచుకుంటుంది.

అయిదోది ప్రాసెసర్ అని మీరు ఎదురు చూస్తుంటారు. ప్రాసెసర్ తనంతట తాను చచ్చిన డబ్బా నా బల్ల మీదికి రాలేదు. అందుకే డబ్బు దానికి చివర.

ఇప్పుడు కట్టేది

ఆమధ్య కేజీఎఫ్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తాత గనిలో పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసు పుస్తకం, క్వార్టర్స్ కాగితాలు, నలుపు తెలుపు ఫొటోలు, నాన్న తీసిన వీడియో క్యాసెట్లు అన్నీ స్కాన్ చేయించి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టుకొచ్చాడు.

“అన్నా, దీంట్లో పెడితే ఎన్నేండ్లు ఉంటాయి?”

“డబ్బా అయిదారేండ్లు ఉంటుందప్పా. దీంట్లో పెట్టినవి ఉండాలంటే నువ్వు ఉండాలి. డిస్కు మార్చే మనిషి లేకపోతే డబ్బా దండగ.”

“రెండు డిస్కులు పెడితిరి కదా, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది కదన్నా?”

“పిడుగు పడితే రెండూ పోతాయి. దొంగ వస్తే డబ్బాతో సహా పోతుంది. నువ్వే పొరపాటున డిలీట్ నొక్కితే రెండిట్లోనూ ఒకేసారి పోతుంది.”

అతనికి కట్టింది ఇది. ఎన్100 చిప్పున్న మినీ ఐటీఎక్స్ బోర్డు, 16 జీబీ ర్యామ్, నాలుగు డిస్కుల చోటున్న చిన్న క్యాబినెట్. అందులో ఇప్పటికి రెండే సీఎంఆర్ డిస్కులు, వేర్వేరు అంగళ్లలో, వేర్వేరు తయారీ తేదీలవి, ఒకదానికొకటి అద్దంలా నకలుగా. ఒకే పెట్టెలో ఒకే రోజు తయారైన జంట డిస్కులు ఒకే రోగంతో ఒకే వారంలో పోవడం నేను చూసినదే. మామూలు కొలత ఎస్ఎంపీఎస్, బజార్లో ఎప్పుడు కావాలన్నా దొరికేది. సాఫ్ట్‌వేర్‌కు చిన్న ఎస్ఎస్‌డీ వేరుగా. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్. మొత్తం ఖర్చులో సగానికి పైగా డిస్కులకు, ఆ తర్వాతి వాటా కరెంటు సరంజామాకు, ప్రాసెసర్ వాటా అన్నిటికన్నా తక్కువ. మూడో డిస్కు ఒకటి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇచ్చాను. దాన్ని నెలకోసారి నింపి, బంగారుపేటలో ఉన్న అక్క ఇంట్లో దాచమన్నాను.

డబ్బా కట్టుకునేవాళ్లకు ఈ ఊరి అనుభవంతో చెప్పేది ఇదే. ప్రాసెసర్ గురించి తక్కువ ఆలోచించండి, ఎర్తింగ్ గురించి ఎక్కువ ఆలోచించండి. బజార్లో రేపు కూడా దొరికే కొలతల భాగాలే కొనండి. ఎవరి యంత్రంలోనైనా తెరుచుకునే పద్ధతిలోనే రాయండి. ఒక నకలు వేరే ఊళ్లో ఉంచండి. వచ్చే ఆదివారం మీ పాత హార్డ్ డిస్కు ఒకటి తీసి కంప్యూటర్‌కు తగిలించి, అందులోని ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరుచుకుంటుండగానే నకలు తీసుకోండి.